నీ హుడ్డులోకి వచ్చే గాలి గురించి

చి. స్వాతికి, మామయ్య ఆశీస్సులు.

బెజవాడ ఆటోనగర్‌లో సొంతంగా కార్ల పెయింట్ బూత్ పెడుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. సంతోషం పట్టలేక ఇక్కడ గాజువాకలో తెలిసినవాళ్లందరికీ చెప్పి వచ్చాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. కొట్టేది రెండు డబ్బాలు కలిపి వాడే టూ-కే పెయింటు కదా, దాన్ని గట్టిపరిచే హార్డెనర్‌లో ఐసోసయనేట్లనే రసాయనాలు ఉంటాయి. 1984లో భోపాల్‌లో అంతమందిని చంపిన గ్యాసూ ఆ జాతిదే. నీ డబ్బాలోది అంత ఉగ్రమైనది కాదులే. కానీ తుంపరగా ఊపిరితిత్తుల్లోకి పోతే ఆస్తమా తెస్తుంది. ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే ఆ తర్వాత కొంచెం తగిలినా ఆయాసమే, ఈ పనే మానుకోవాల్సి వస్తుంది. వాసన పసిగట్టి జాగ్రత్తపడదామన్నా కుదరదు, ముక్కుకు తెలిసేసరికే మోతాదు దాటిపోయి ఉంటుంది. అందుకే మామూలు మాస్కుతో సరిపెట్టకుండా, తలంతా కప్పే హుడ్డూ, బయటి గాలిని గొట్టంలోంచి దాంట్లోకి పంపే పంపూ కొన్నావని విని మురిసిపోయాను. ఆ పంపు షెడ్డు వెనక సందులో పెడుతున్నావని విన్నాక టెన్షన్ పట్టుకుంది.

బిగించడంలో పెద్ద విద్యేమీ లేదు. పంపు, గొట్టం, హుడ్డు ఒకదానికొకటి సరిపోతాయని కంపెనీ రాసిచ్చినవే వాడు. గొట్టం మొత్తం 300 అడుగులు దాటకూడదు, నీ పంపు పుస్తకంలో అంతకంటే తక్కువ ఉంటే అదే లెక్క. వదులు హుడ్డుకి నిమిషానికి కనీసం 170 లీటర్ల గాలి అందాలి. పక్క షెడ్డు వెల్డింగ్ ఆర్గాన్ గ్యాసు లైనుకి పట్టే కప్లింగ్ నీ గొట్టానికి ఉండకూడదు, పొరపాటున తగిలిస్తే ఊపిరాడదు.

ఇక ఆ సందు సంగతి. నేను ఓడల రిపేరులో పెయింటింగ్ చేసే రోజుల్లో మా గ్యాంగుకి ఒక మేస్త్రీ ఉండేవాడు. రోజూ ప్రతి గొట్టం తడిమి చూసుకుంటే తప్ప ఎవర్నీ ట్యాంకులోకి దించేవాడు కాదు. నిర్లక్ష్యం చేసే మనిషి కాదని ముందే చెబుతున్నాను. ఒకరోజు ఓడ బ్యాలస్ట్ ట్యాంకులో, అంటే ఓడ నిలకడ కోసం నీళ్లు నింపే ట్యాంకులో, ఎపాక్సీ పెయింటు పని. పొద్దున గాలి నేల వైపు నుంచి వీస్తోంది. పంపుని జెట్టీ మీద శుభ్రమైన చోటు చూసి పెట్టాడు. మధ్యాహ్నం వెల్డింగ్ వాళ్ల లైనులో కరెంటు పోతే వాళ్లు లైట్ల కోసం కిరోసిన్ జనరేటర్ తెచ్చి సముద్రం వైపు పెట్టుకున్నారు. విశాఖలో మధ్యాహ్నానికి గాలి తిరిగిపోయి సముద్రం మీద నుంచి వస్తుంది. పొగంతా నేరుగా మన పంపు మూతికే. కళ్లకి ఏమీ కనిపించలేదు.

కాసేపటికి లోపలున్న కుర్రాడు తల పగిలిపోతోందని, వాంతి వచ్చేలా ఉందని కేకేశాడు. మేస్త్రీ ఏమనుకున్నాడు? పెయింటు ఎక్కిందనుకున్నాడు. అందరం అదే అనుకునేవాళ్లం. "హుడ్డు తియ్యకురా, గాలి బాగా పీల్చు" అని వాల్వు ఇంకాస్త తిప్పాడు. విషం వచ్చే గొట్టాన్నే ఎక్కువ తెరిచాడమ్మా! కుర్రాడు నిచ్చెన దగ్గరికి వచ్చి కూలబడ్డాడు. తాడు కట్టి లాగారు. ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టిన డాక్టరు పెయింటు గురించి ఒక్క మాట అడగలేదు, "అక్కడ ఏ ఇంజను నడుస్తోంది?" అన్నాడు. బతికాడు. కానీ చాలాకాలం మతిమరుపు, చిల్లర లెక్కపెట్టడం కూడా తడబడేవాడు. మేస్త్రీ ఆ తర్వాత పంపు పక్కనే స్టూలేసుకు కూర్చునేవాడు, టీకి కూడా లేచేవాడు కాదు.

ఇంజను పొగలో ఉండే ఆ విషం కార్బన్ మోనాక్సైడు. దానికి రంగు లేదు, వాసన లేదు. నీ పంపు ఫిల్టరు దుమ్ముని ఆపుతుంది, దాన్ని ఆపలేదు. అమెరికా వాళ్ల గ్రేడ్ డి లెక్క ప్రకారం పీల్చే గాలిలో అది పది లక్షల పాళ్లకి 10 పాళ్లు మించకూడదు. ఆ సందులో పక్క షెడ్ల జనరేటర్లు ఉంటాయి, ఇంజన్లు రేజ్ చేసి చూసుకునే లారీలు ఉంటాయి. పొద్దున చూసి బాగుందనుకుంటే చాలదు, కరెంటు పోయిన వేళ చూడాలి. పంపుని ఎత్తున, తెరపి వైపు పెట్టు, నీ ఎగ్జాస్ట్ ఫ్యాను ఊదే దిక్కున అసలు వద్దు. ఈ కార్బన్ మోనాక్సైడుని పసిగట్టే సీఓ అలారం కొను, ఖరీదని మూలగకు. అది మోగితే ఫ్యాన్ల రొదలో, హుడ్డు వేసుకున్న నీకు వినపడాలి, అది పరీక్షించుకో. లోపల తలనొప్పి వచ్చిందా, స్ప్రే గన్ను పడేసి బయటికొచ్చెయ్.

స్ప్రే గన్ను కంప్రెసర్‌కే ఒక టీ జాయింటు వేసి హుడ్డుకి గాలి తీసుకుందామని మీ ఆయన అన్నాడట. చెవి మెలేస్తానని చెప్పు. ఆ కంప్రెసర్‌లో ఆయిల్ ఉంటుంది, వేడెక్కితే మాడి అదే విషం ఊదుతుంది. ఇంకొకటి, ఆటోనగర్‌లో ఏది కిర్రుమన్నా ఆయిల్ పోసేస్తారు. నీ పంపులో రెక్కలు కార్బన్‌వి, ఒక్క చుక్క పడకూడదని కుర్రాళ్లకి ముందే చెప్పు.

మే నెలలో పంపు గాలి వేడిగా వస్తుంది, చిరాకేసి హుడ్డు తీసేస్తావు, నాకు తెలుసు నీ సంగతి. గొట్టం నీడలో పరుచు, పని పొద్దున్నే పెట్టుకో, మజ్జిగ తాగు. కరెంటు పోతే కొట్టడం ఆపి హుడ్డుతోనే నడిచొచ్చెయ్, తలుపు దాటాకే తియ్యి. ఎవరైనా ట్యాంకర్ లారీ లోపల పెయింటు కొట్టమంటే ఎంతిచ్చినా దిగకు, దానికి నడుముకి విడిగా గాలి సిలిండరు ఉండాలి, మనిషి బయట కాపలా ఉండాలి.

మీ అమ్మ నిన్ను టీచరు చెయ్యాలనుకుంది. నేనే అడ్డుపడి ఆటోమొబైల్ డిప్లొమాలో చేర్పించాను, కాబట్టి ఈ గోలంతా పెట్టే హక్కు నాకుంది.

ఆదివారం రత్నాచల్‌కి వస్తున్నాను. అప్పటిదాకా పంపు గోడకి బిగించొద్దు. ఈలోగా వెనక షెడ్డు వాళ్ల జనరేటర్ పొగగొట్టం ఎటు తిరిగి ఉందో చూసి ఫోన్ చెయ్యి.

మీ మామయ్య