గ్లాసుడు నీళ్లలో తేలని రంగు

ప్రశ్న: మేడమ్, మాది నరసరావుపేట. మిరపకాయలు కొని, కారం పట్టించి ఇంటి దగ్గరే అమ్ముతుంటాను. ఈ మధ్య ఒక దుకాణం వాళ్లు ల్యాబ్ రిపోర్టు ఉంటేనే తీసుకుంటామన్నారు. పరీక్ష చేయిస్తే ‘సుడాన్ 1 – నాట్ డిటెక్టెడ్’ అని వచ్చింది. నేనైతే ఎప్పుడూ గ్లాసుడు నీళ్లలో చెంచాడు కారం వేసి, రంగు దిగకపోతే మంచిదే అనుకుంటాను. ఆ పరీక్ష చాలదా? అంత కారంలో ఆ ఒక్క రంగు ఉందో లేదో మిషన్‌కి ఎలా తెలుస్తుంది?
– ఒక పాఠకురాలు

జవాబు: చాలదమ్మా. సుడాన్ 1 నీళ్లలో కరిగే రంగు కాదు. అది నూనెలకూ, మైనానికీ, పాలిష్‌లకూ వేసే రంగు. తిండిలో అసలు వాడకూడదు. ఇక్కడే ఒక చిక్కుంది. మిరపకాయకు పుట్టుకతో వచ్చిన ఎరుపు కూడా నూనెలోనే కరుగుతుంది. ఆవకాయ జాడీలో పైకి తేలిన నూనె ఎర్రగా ఉండేది అందుకే. కాబట్టి నీళ్లలో వేస్తే అసలు రంగూ దిగదు, సుడానూ దిగదు. నీళ్లలో కరిగే రంగులు కలిపితేనో, అడుగున ఇటుక పొడి పేరుకుంటేనో మీ గ్లాసు పట్టిస్తుంది. ఆ మేరకు అది మంచి అలవాటే, మానకండి. సుడాన్ విషయంలో మాత్రం దాన్ని నమ్ముకోవద్దు.

2003లో మన దేశం నుంచి వెళ్లిన కారంలో సుడాన్ 1 ఉందని ఫ్రాన్స్ బయటపెట్టింది. ఆ ఏడాదే యూరోపియన్ యూనియన్, ఆ రంగు లేదన్న రిపోర్టు లేనిదే మిర్చి సరుకు రానివ్వమంది. 2005లో కల్తీ కారం కలిసిన ఒక సాస్ వల్ల బ్రిటన్‌లో వందల రకాల తినుబండారాలు దుకాణాల నుంచి వెనక్కి తీశారు. గుంటూరులో స్పైసెస్ బోర్డు ల్యాబ్ ఉందంటే, మిర్చి ఎగుమతికి ఈ పరీక్షలు అంత అవసరం కాబట్టే.

ఇక మిషన్ సంగతి. దాన్ని హెచ్‌పీఎల్‌సీ అంటారు, అంటే హై పెర్ఫార్మెన్స్ లిక్విడ్ క్రొమటోగ్రఫీ. కలిసిపోయిన పదార్థాలను దేనికది విడదీసే పద్ధతే క్రొమటోగ్రఫీ. నేను ఇరవై ఏళ్లకు పైగా దాని ముందు కూర్చుని పనిచేశాను. కొంచెం కారం తూచి, ఎసిటోనైట్రైల్ అనే ద్రావణిలో వేసి బాగా కుదుపుతాం. రంగులన్నీ అందులోకి దిగుతాయి. దాన్ని సన్నటి ఫిల్టర్‌లో వడగట్టి, అందులోంచి 20 మైక్రోలీటర్లు, అంటే ఒక చుక్క కంటే తక్కువ, మిషన్‌లోకి ఎక్కిస్తాం. లోపల ‘కాలమ్’ అనే జానెడు స్టీలు గొట్టం ఉంటుంది. దాని లోపలి వెడల్పు 4.6 మిల్లీమీటర్లే. అందులో 5 మైక్రాన్ల సైజు సిలికా రేణువులు దట్టంగా కూరి ఉంటాయి. వాటికి నూనె స్వభావం ఉన్న పూత ఉంటుంది. ఎసిటోనైట్రైల్, నీళ్లు కలిపిన ద్రవాన్ని పంపు గట్టి ఒత్తిడితో గొట్టంలోంచి తోస్తూ ఉంటుంది.

మీది నరసరావుపేట కాబట్టి కోటప్పకొండ తిరనాళ్ల గుర్తుచేసుకోండి. ఇంటిల్లిపాదీ ఒకేసారి బయల్దేరతారు. గాజుల కొట్టు కనబడ్డ చోటల్లా ఆగేవాళ్లు వెనకబడతారు, దేని మీదా మనసు లేనివాళ్లు ముందు చేరతారు. కాలమ్‌లో జరిగేది అదే. నూనె స్వభావం తక్కువ ఉన్నవి ఆ పూతను పెద్దగా పట్టుకోవు, త్వరగా బయటికొచ్చేస్తాయి. కారానికి ఘాటునిచ్చే క్యాప్సైసిన్ ముందే వస్తుంది. సుడాన్ 1 ఆగి ఆగి వస్తుంది. మిరప అసలు రంగులు చాలావరకు ఇంకా వెనక. మా ల్యాబ్ పద్ధతిలో సుడాన్ తొమ్మిదో నిమిషంలో వచ్చేది. చివర్లో ఉండే డిటెక్టర్ 478 నానోమీటర్ల కాంతిని పంపి, ఆ కాంతిని పీల్చుకునేది ఏదైనా దాటితే కాగితం మీద ఒక కొండలాంటి గీత గీస్తుంది. దాన్నే పీక్ అంటాం. పీక్ ఎప్పుడు వచ్చిందన్నది ఆ పదార్థం ఏదో చెబుతుంది, పీక్ విస్తీర్ణమేమో ఆ పదార్థం ఎంత మోతాదులో ఉందో చెబుతుంది. అయితే ముందుగా స్వచ్ఛమైన సుడాన్ 1ని అదే మిషన్‌లో నడిపి పెట్టుకోవాలి. పోల్చడానికి ఆ స్టాండర్డ్ లేకపోతే పీక్‌కి అర్థం లేదు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక చిన్న వ్యాపారి సరుకు పరీక్షిస్తుంటే సరిగ్గా తొమ్మిదో నిమిషంలో చిన్న పీక్ వచ్చింది. ‘డిటెక్టెడ్’ అని రాయబోయాను. మా సీనియర్ వచ్చి, “బ్లాంక్ నడిపావా?” అని అడిగారు. నడపలేదు. ఉత్త ద్రావణిని ఎక్కించి చూస్తే అందులోనూ అదే పీక్! అంతకుముందు నడిపిన స్టాండర్డ్ ఇంజెక్టర్ సూదికి కాస్త మిగిలిపోయింది. సూది కడిగి మళ్లీ నడిపితే సరుకులో ఏమీ లేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నా ఒక్క సంతకంతో ఆయన లారీ లోడు మొత్తం పోయేది. అందుకే ఇప్పటికీ అంటాను, టైమ్ ఒక్కటే కలిస్తే సరిపోదు. పేరు తెలియని ఇంకో పదార్థం కూడా అదే నిమిషానికి రావచ్చు. అనుమానం వస్తే మాస్ స్పెక్ట్రోమీటర్‌తో అణుభారం చూడాలి. సుడాన్ 1ది 248.

‘నాట్ డిటెక్టెడ్’ అంటే బొత్తిగా లేదని కాదు, ఆ పద్ధతి పట్టగలిగిన దానికంటే తక్కువే అని. ఆ హద్దును రిపోర్టులో ఎల్‌ఓడీ అని రాస్తారు. అది లేకపోతే ల్యాబ్ వాళ్లను అడగండి, అడగడం మీ హక్కు. ఇంకొకటి, ఆ రిపోర్టు మీరు ఇచ్చిన పాకెట్‌కే. తర్వాతి సారి పట్టించిన కారానికి అది వర్తించదు. శాంపిల్ ఇచ్చేటప్పుడు బస్తా పైనుంచి, నడుమ నుంచి, అడుగు నుంచి తీసి కలిపి ఇవ్వండి.

ప్రశ్న: మా అబ్బాయి ఎనిమిదో తరగతి. ఈ క్రొమటోగ్రఫీని ఇంట్లో చేసి చూపించొచ్చా?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: తప్పకుండా. ఇది మొదలైందే సుద్దపొడితో. మిఖాయిల్ స్వెట్ అనే రష్యన్ వృక్షశాస్త్రవేత్త గాజు గొట్టంలో సుద్దపొడి నింపి, ఆకుల రసాన్ని పైనుంచి పోశాడు. పచ్చ, పసుపు పట్టీలుగా విడిపోయింది. 1906లో ఆయనే దీనికి క్రొమటోగ్రఫీ అని పేరు పెట్టాడు. రష్యన్‌లో స్వెట్ అంటే రంగు అని అర్థం.

మీరు ఒక సుద్దముక్క తీసుకుని, అడుగు నుంచి ఒక అంగుళం పైన నల్ల స్కెచ్ పెన్‌తో చుట్టూ గీత గీయండి. గిన్నెలో అర అంగుళం నీళ్లు పోసి అందులో నిలబెట్టండి. గీత నీళ్లలో మునగకూడదు. నీళ్లు పైకి పాకుతుంటే నలుపులోంచి వేరే రంగులు విడిపోతాయి. ఏ రంగులన్నది పెన్‌ను బట్టి ఉంటుంది. రెండు కంపెనీల నల్ల పెన్నులతో చేస్తే తేడా తెలుస్తుంది. గీత మొదట ఎక్కడుందో గుర్తుకు పెన్సిల్‌తోనే చుక్క పెట్టమనండి, పెన్సిల్ గుర్తు నీళ్లతో పాటు పాకదు.