ర్యామ్‌ని తిట్టకు అల్లుడూ

చి. అల్లుడికి, విజయవాడ నుంచి మామయ్య ఆశీస్సులు.

గుంటూరు నుంచి నువ్వు పంపిన ఫోటో చూశాను. రైజెన్ 5 7600 ప్రాసెసర్, డబ్బా మీద 6000 వేగం అని రాసున్న నాలుగు డీడీఆర్5 ర్యాములు, స్క్రీన్ మాత్రం నలుపు. ర్యాములు పాడైనవి ఇచ్చాడు, తిరిగి ఇచ్చేస్తానంటున్నావు. కాస్త ఆగు.

డబ్బా మీది 6000 ర్యామ్ చేసినవాడి మాట. ఆ వేగాన్ని అందుకోవాల్సింది ప్రాసెసర్ లోపలి మెమరీ కంట్రోలర్. ఒకప్పుడది బోర్డు మీద చిప్‌సెట్‌లో ఉండేది. ఏఎమ్‌డీ 2003లో, ఇంటెల్ 2008లో దాన్ని ప్రాసెసర్‌లోకి తెచ్చాయి. నీ 7600కి ఏఎమ్‌డీ ఒప్పుకున్నది రెండు ర్యాములతో 5200, నాలుగైతే 3600 మాత్రమే. ఆపైన వచ్చేది మన అదృష్టం. ఒకే మోడల్ ప్రాసెసర్లు రెండు కొన్నా ఒకటి హాయిగా పరిగెత్తుతుంది, ఇంకోటి ఆయాసపడుతుంది.

అందుకే ముందు రెండు ర్యాములు పీకెయ్. మిగతా రెండూ ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో స్లాట్‌లో, నాలుగో స్లాట్‌లో పెట్టు. చాలా బోర్డుల్లో రాగి దారులు ముందు స్లాట్ మీదుగా చివరి స్లాట్ దాకా పోతాయి. చివరిది ఖాళీగా వదిలితే సిగ్నల్ అక్కడ తగిలి వెనక్కొస్తుంది, బందరు కాలువ గోడకు కొట్టుకున్న అలలాగా. వేగం పెరిగేకొద్దీ ఆ గొడవ ఎక్కువ. రెండే స్లాట్లున్న బోర్డులు పెద్ద స్పీడ్లు అందుకోవడానికి కారణం కూడా ఇదే.

తర్వాత బయాస్ (బోర్డును నిద్రలేపే ప్రోగ్రామ్) అప్‌డేట్ చేసి, అందులో ఎక్స్‌పో (ర్యామ్‌ని డబ్బా మీది వేగానికి పెట్టే సెట్టింగ్) ఆన్ చెయ్యి. మొదటిసారి కొన్ని నిమిషాలు స్క్రీన్ రాదు. అది ట్రైనింగ్, అంటే కంట్రోలర్ కొత్త ర్యామ్‌తో సర్దుకోవడం; టెన్షన్ పడి పవర్ బటన్ నొక్కకు. మరీ రాకపోతే సీమాస్ క్లియర్ చేసి (బయాస్ సెట్టింగులన్నీ మొదటికి తెచ్చి) 5600కి దిగు. ఎస్ఓసీ వోల్టేజ్ (ప్రాసెసర్‌లో మెమరీ కంట్రోలర్ ఉన్న భాగానికి అందే వోల్టేజ్) 1.3 వోల్టులు దాటనివ్వొద్దు, ర్యామ్ పోతే కొనుక్కోవచ్చు గానీ ప్రాసెసర్ కాలితే మీ నాన్న ఊరుకోడు.

మీ రూమ్మేట్ హెచ్610 బోర్డు సంగతంటావా, దాంట్లో ర్యామ్ ఓవర్‌క్లాక్ (ఒప్పుకున్న వేగం దాటించే) దారి ఇంటెల్ మూసేసింది. బీ660 అయితే ఉంటుంది.

బూట్ అయింది కదా అని మురిసిపోకు, ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్రోగ్రామ్ రాత్రంతా నడవనీ. ఒక్క ఎర్రర్ వచ్చినా స్పీడ్ తగ్గించు. నేనోసారి జనవరిలో పాస్ చేయించి ఇచ్చిన మెషిన్ రోహిణి కార్తెలో తిరిగొచ్చింది. వేడికి ర్యామ్ తప్పులు చేస్తుందని తెలిసి కూడా ఏసీ గదిలో టెస్ట్ చేశాను మరి. నువ్వు మాత్రం మధ్యాహ్నం ఏసీ ఆపేసి ఇంకోసారి చూడు.

పీకిన రెండిటినీ బిల్లుతో సహా దాచు. ఆదివారం ఫోన్ చెయ్యి.

మీ మామయ్య