రంభలో సెయిల్ బోటుకి 40 కిలోల అవుట్‌బోర్డు ఎక్కించాలంటే కప్పీ ఎక్కడ కట్టాలి?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఒడిశాలో చిలికా సరస్సు ఒడ్డున రంభ జెట్టీ దగ్గర 22 అడుగుల పాత సెయిల్ బోటు, 9.9 హార్స్‌పవర్ ఫోర్‌స్ట్రోక్ అవుట్‌బోర్డు (బోటు వెనక తగిలించే మోటారు), మీ నడుముకి ఆపరేషన్, సాయానికి ఒక్కడే కుర్రాడు. తెరచాప అడుగున అడ్డంగా ఉండే కర్ర, అదే బూమ్, దానికి కప్పీ కట్టి మోటారు ఎత్తొచ్చా అని అడిగారు. ఎత్తొచ్చు. నేను ఎత్తాను. చిలికాలో పడేశాను కూడా.

మాది గోపాల్‌పూర్. మా వాళ్ళకి కప్పీ అనే మాటే అక్కర్లేదు. ఫైబర్ పడవ ఇసక మీదికి రాగానే ఇంజిను విప్పడం, వెదురుబొంగుకి కట్టడం, ఇద్దరు భుజాన వేసుకుని ఇంటికి నడవడం. మా చిన్నాన్నయితే చిన్న ఇంజిన్ని ఒక్కడే భుజాన వేసుకుని వచ్చేసేవాడు. అది చూసి పెరిగినవాణ్ణి కాబట్టి, రంభలో ఒకాయన సెయిల్ బోటుకి మోటారు ఎక్కించమని పిలిస్తే, ఇదేం పెద్ద పని అనుకుని వెళ్ళాను.

బూమ్ కొసని మెయిన్ హాలియార్డ్‌తో, అంటే తెరచాపని పైకెత్తే తాడుతో, పైకి లాగి కట్టాను. అది సరైన పనే, ఉత్త బూమ్ ఆ బరువు మోయదు. మెయిన్‌షీట్ (బూమ్‌ని అదుపుచేసే తాడు) కప్పీల జత విప్పి అక్కడే తగిలించాను. కింద నాటుపడవలో మోటారు. మీటరు దాకా ముద్దుగా లేచింది. అప్పుడు దాన్ని బోటు వెనక మోటారు తగిలించే బ్రాకెట్ వైపు తోయడానికి కుర్రాడూ నేనూ ఒకే పక్కకి వెళ్ళాం. బోటు అటు ఒరిగింది. బూమ్ కూడా ఒరిగిన పక్కకే తిరిగింది, మోటారుతో సహా. "వదలకు! వదలకు!" అని అరిచాను. వాడు ఒడియా కుర్రాడు, తెలుగు నాలుగు ముక్కలే వచ్చు. వాడికి "వదల" వరకే వినపడింది. వదిలేశాడు.

నడుం లోతు నీళ్ళే. కానీ అడుగున బురద. మోటారు తల బురదలో, ప్రొపెల్లర్ పైకి. ఆ దృశ్యం చూసి జెట్టీ మీద ఉన్నవాళ్ళు నవ్వారు, నాకు మాత్రం కాళ్ళు వణికాయి. తీశాక దాన్ని గాలికి వదలకుండా మంచినీళ్ళ డ్రమ్ములో ముంచి ఉంచాం. ఉప్పునీళ్ళు తగిలిన ఇంజిను లోపల గాలి ఆడితేనే తుప్పు పరుగెత్తుతుంది. సాయంత్రం ప్లగ్గులు విప్పి, నీళ్ళు కారేలా పడుకోబెట్టి తాడు లాగి తిప్పి, సిలిండర్లలో నూనె పోసి, ఇంజినాయిలు రెండుసార్లు మార్చి, రాత్రికి స్టార్ట్ చేశాం. బతికింది. నాకు కూలీ మాత్రం దక్కలేదు, అడగడానికి మొహం కూడా లేదు.

ఆ రోజు కప్పీల బలానికి లోటు లేదు. బరువు పక్కకి ఊగకుండా ఆపేది ఏదీ లేదు, చెయ్యి వదిలితే తాడుని పట్టేది ఏదీ లేదు. మీ ప్రశ్నలో కూడా ఎంత బరువు లాగగలం అన్నదే ఉంది గానీ ఈ రెండింటి ఊసు లేదు. లాగడం లెక్క తేలిక. రెండేసి చక్రాలున్న కప్పీలు రెండు తీసుకుని, తాడు కొసని పై కప్పీకే ముడేస్తే కింది కప్పీని నాలుగు పాయలు మోస్తాయి. 40 కిలోలకి చేతికొచ్చేది 10. చక్రాల రాపిడి కలిపి 14 దాకా అనుకోండి. రెండు మీటర్ల ఎత్తు దూరానికి 12 మీటర్ల తాడు చాలు. సన్నతాడు బరువు ఆపుతుంది గానీ అరచేతిని కోస్తుంది, అందుకని 10 ఎం.ఎం. అల్లిక తాడు కొనండి. పై కప్పీకి క్యామ్ క్లీట్ ఉన్నదే చూడండి. దంతాల మధ్య తాడు ఇరుక్కుంటుంది, చెయ్యి వదిలినా మోటారు అక్కడే వేలాడుతుంది. దీని దగ్గర మాత్రం డబ్బు చూసుకోకండి.

ఇక ఎక్కడ కట్టాలి. బూమ్ వద్దనే నా సలహా. మీ సైజు బోటులో బూమ్ కొస చాలాసార్లు వెనక పలక దాకా కూడా రాదు, మోటారు కూర్చోవాల్సిన బ్రాకెట్ ఇంకా బయట ఉంటుంది. వేలాడుతున్న బరువుని బయటికి తోయడం అంటే నేను చేసిన తప్పే మళ్ళీ చేయడం. వెనక మూలలో చిన్న పైపు క్రేన్ పెట్టించుకోండి. ఒకటిన్నర అంగుళం జీఐ పైపు, పైన అడ్డంగా 60 సెంటీమీటర్ల చెయ్యి, కొసన కప్పీకి కొక్కెం. నిలువు పైపు అడుగున డెక్ మీద ఒక గిన్నెలాంటి తొడుగులో కూర్చుంటుంది, పైన వెనక రెయిలింగుకి క్లాంపులో తిరుగుతుంది.

ఈ రెండు ఆధారాల మధ్య ఎడం ఎంతుంటే అంత మంచిది. చెయ్యి 60 సెంటీమీటర్లు, ఎడం కూడా 60 అయితే రెయిలింగు మీద పక్కకి పడే తోపు 40 కిలోలు. ఎడం 30 అయితే అదే తోపు 80 అవుతుంది, మన రెయిలింగులు అంత మొయ్యవు. డెక్ తొడుగు కింద ఉత్త వాషర్లు పెడితే సరిపోదు. పాత ఫైబర్ బోట్లలో డెక్ మధ్య ప్లైవుడ్ కుళ్ళి ఉంటుంది, పైకి గట్టిగానే కనిపిస్తుంది. స్క్రూడ్రైవర్ పిడితో తట్టి చూడండి, బోలు చప్పుడొస్తే ఆ చోటు వదిలేయండి. మంచి చోటైనా సరే, కింద నుంచి అరచేతి అంత అల్యూమినియం పలక వేసి బోల్టులు బిగించాలి.

మోటారుకి పట్టు ఎక్కడ అనేది చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. పైమూత పిడికి కట్టకండి, మూత గొళ్ళెం ఊడితే మూత మీ చేతిలో, మోటారు నీళ్ళలో. లారీలకి వాడే బెల్టు, బరంపురం బడా బజారులో దొరుకుతుంది, మూత కిందగా, మోటారుని బోటుకి బిగించే క్లాంపు బ్రాకెట్ వెనక నుంచి చుట్టండి. నేల మీద నుంచి జానెడు ఎత్తి చూస్తే నిటారుగా ఉందో లేదో తెలిసిపోతుంది. కొంచెం వంగినా ఫరవాలేదు, తలవైపు మాత్రం కిందికి దిగకూడదు. బెల్టుతో సంబంధం లేని ఇంకో తాడు మోటారుకి, బోటుకి కట్టేశాకే పని మొదలుపెట్టండి. క్లాంపు మరలు బిగిసి, గొలుసు వేసేదాకా అది విప్పొద్దు. మోటారు అడుగుకి సన్నతాడు కట్టి కుర్రాడి చేతికివ్వండి, ఊగకుండా పట్టేది అదే. మీరు తాడు లాగితే చాలు, వంగే పనుండదు.

ఎత్తే ముందు పెట్రోలు పైపు తీసేసి, కార్బొరేటరులో ఉన్నది అయిపోయేదాకా నడపండి. ఫోర్‌స్ట్రోక్‌ని కారులో తెచ్చేటప్పుడు మాన్యువల్‌లో చెప్పిన పక్కకే పడుకోబెట్టాలి, లేదంటే ఆయిలు సిలిండర్లలోకి పోతుంది. ఉదయమే పెట్టుకోండి. వేసవిలో మధ్యాహ్నానికి దక్షిణపు గాలి లేస్తే చిలికాలో బోటు నిలవదు. నాటుపడవలోంచి వద్దు, జెట్టీ మీద నుంచే ఎత్తండి.

కుర్రాడు ఒడియా వాడైతే ముందే రెండు మాటలు అనుకోండి: "ధర", "ఛాడ". పట్టుకో, వదులు. ధర అంటే మనకి రేటు, అక్కడ మొదట్లో నాకూ నవ్వొచ్చేది. ఇప్పుడు జెట్టీ మీద తెలుగువాళ్ళతో పనిచేసినా నోట అదే వస్తుంది.

క్రేన్ బిగించగానే మోటారు తగిలించకండి. 20 లీటర్ల నీళ్ళ క్యాన్లు మూడు నింపి, అదే బెల్టుతో, అదే కప్పీలతో ఎత్తి క్లీట్‌లో తాడు వేసి, క్రేన్ చేతిని అటూ ఇటూ తిప్పి, రాత్రంతా వదిలేయండి. పొద్దున్న డెక్ తొడుగు చుట్టూ వెంట్రుకంత పగులు కనిపించినా ఫొటో పెట్టండి, చూసి చెప్తాను.