ఛాతీ నొప్పికి చైనా క్యాప్సూల్ ఇంట్లో ఉంచుకోవచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి 64 ఏళ్లు. రెండేళ్ల కిందట గుండెపోటు వచ్చి స్టెంట్ వేశారు. షాంఘైలో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడు టాంగ్‌షిన్‌లువో అనే క్యాప్సూల్స్ తెచ్చాడు. అక్కడ గుండెపోటుకి వాడతారట. ఎమర్జెన్సీకి ఇంట్లో ఉంచుకోవచ్చా? పోయిన నెల ఒక రాత్రి ఛాతీ బరువుగా ఉందన్నారు. గ్యాస్ మాత్ర వేస్తే తెల్లారేసరికి తగ్గింది.
- ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: మీ ఆఖరి మాటతో మొదలుపెడతాను. స్టెంట్ ఉన్న మనిషి ఛాతీ బరువంటే గ్యాస్ మాత్ర వేసి పడుకోబెట్టారా? గ్యాసే అయి ఉండొచ్చు, కాదనను. కానీ ఆ మాట ఈసీజీ, ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే తెలిపే రక్తపరీక్ష) చూసిన డాక్టరు అనాలి, అదీ ఆ రాత్రే. షుగర్ ఉందో లేదో రాయలేదు. ఉంటే నొప్పే తెలియకపోవచ్చు, చెమటలు, ఆయాసం మాత్రమే కనబడొచ్చు.

ఇక క్యాప్సూల్స్. మీ తమ్ముడు తెచ్చింది గాలిమాట కాదు. చైనాలో 124 ఆసుపత్రుల్లో, గుండెపోటు వచ్చిన 24 గంటల్లోపు రోగులు 3,777 మందిపై జరిగిన ట్రయల్ 2023లో జామా అనే అమెరికా వైద్య పత్రికలో వచ్చింది. నెలలోపు మరణం, మళ్లీ గుండెపోటు, పక్షవాతం లాంటివి ఉత్తుత్తి క్యాప్సూల్ మింగినవాళ్లలో 5.2 శాతం, ఈ మందు వాడినవాళ్లలో 3.4 శాతం. చిన్న తేడా కాదు. అయితే రెండు గుంపులకీ గుండెపోటు చికిత్స మామూలుగానే నడిచింది, దానికి తోడుగా ఇచ్చారు. ఇంట్లో మింగి నొప్పి తగ్గుతుందేమోనని చూసినవాళ్లు ఆ లెక్కలో లేరు. (అందులో జలగ, తేలు, జెర్రి కూడా ఉంటాయి. నాన్నగారికి చెప్పారా?)

చైనా మందులంటే నాకు చిన్నచూపు లేదు. అక్కడి మూలిక నుంచి వచ్చిన ఆర్టిసునేట్‌నే ప్రాణం మీదికొచ్చిన మలేరియాకి ఇంజెక్షన్‌గా ఇస్తాం. అదే చైనాలో మెదడులో రక్తస్రావమైన 1,641 మందిపై ఒక కషాయాన్ని పరీక్షిస్తే ఉపయోగం కనబడలేదు. 2024లో తేలిన సంగతి ఇది.

నా భయం వేరు. నొప్పి మొదలైన గంటకి గ్యాస్ మాత్ర, రెండో గంటకి సోడా, ఆ తర్వాత వీధి చివర ఆర్‌ఎంపీ, ఆరో గంటకి మా క్యాజువాలిటీ. అప్పటికే రక్తం అందని గుండె కండరం చాలావరకు చచ్చిపోయి ఉంటుంది. ఈ వరసలోకి మీ డబ్బా కూడా చేరకూడదు.

మనిషిని చూడకుండా ఇంతకు మించి చెప్పలేను. స్టెంట్ వేసిన డాక్టరు దగ్గరికి రేపే తీసుకెళ్లండి. రాసిచ్చిన రక్తం పల్చబడే మాత్రలు మానేశారేమో అడగండి. మళ్లీ బరువంటే 108కి ఫోన్ చేయండి, బండి వెనక కూర్చోబెట్టి తీసుకెళ్లొద్దు. వెళ్లేటప్పుడు డిశ్చార్జి కాగితాలతో పాటు ఆ క్యాప్సూల్స్ డబ్బా కూడా పట్టుకెళ్లండి.