కారుకి కొత్త బ్యాటరీ వేసినా కీ తిప్పితే టక్ మని ఆగిపోతోందా?

లైట్లు బాగా వెలుగుతూ, కీ తిప్పితే మాత్రం టక్ మని ఊరుకుంటోందంటే నా అనుమానం ఎర్త్ కేబుల్ మీదే, అంటే బ్యాటరీ మైనస్ నుంచి బాడీకి, ఇంజన్‌కి వెళ్లే నల్ల కేబుల్. పాత కార్లలో ఇది మామూలే. మెకానిక్ చెప్పారని స్టార్టర్ మోటార్ (ఇంజన్‌ని తిప్పి స్టార్ట్ చేసే మోటార్) అప్పుడే మార్పించకండి, అది పెద్ద ఖర్చు.

1. ఇంజన్ ఆపి కొన్ని గంటలయ్యాక బ్యాటరీ 12.6 ఓల్టుల దగ్గర ఉండాలి.

2. అందరూ వదిలేసేది ఇదే. బ్యాటరీ టెర్మినల్ తుడిచి సరిపెట్టుకుంటారు గానీ, నల్ల కేబుల్ రెండో కొస బాడీకి, ఇంజన్‌కి బిగించిన చోట చూడరు. బోల్టు పైకి గట్టిగానే ఉంటుంది. విప్పితే లోపల తుప్పు, పొడి.

3. న్యూట్రల్‌లో పెట్టి హ్యాండ్ బ్రేక్ వేయండి. మల్టీమీటర్ (ఓల్టులు కొలిచే మీటర్) ఒక కొస బ్యాటరీ మైనస్‌కి, రెండోది ఇంజన్ మీద శుభ్రమైన లోహానికి ఆనించి, ఇంకొకరిని కీ తిప్పమనండి. 0.5 ఓల్టులు దాటితే ఎర్త్ లోపమే.

4. బ్యాటరీ మైనస్ విప్పాకే నల్ల కేబుల్ బాడీకి, ఇంజన్‌కి బిగించిన ఆ చోటు ఎమరీ పేపర్‌తో మెరిసేదాకా రుద్ది బిగించండి. తీగలు తెగి ఉంటే కేబుల్ మార్చేయండి.

3లో రీడింగ్ 0.2 ఓల్టుల లోపే ఉంటే ప్లస్ కేబుల్ కూడా చూడండి. అదీ బాగుంటే అప్పుడు స్టార్టర్ విప్పించండి.