పాత ట్రాక్టరు కొనదలచిన అబ్బాయికి పెదనాన్న లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

రేణిగుంట నుంచి నీవు వ్రాసిన ఉత్తరమూ, దానితో పంపిన ఫోటోలూ అందాయి. అమెరికాలో నూరేళ్ళ నాటి రమ్లీ ఆయిల్‌పుల్, హార్ట్-పార్ వంటి భారీ ట్రాక్టర్లను ఇంకా నడుపుతున్న వారి వీడియోలు చూసి నీకు నిద్ర పట్టడం లేదనీ, అటువంటిదొకటి ఓడ మీద తెప్పించుకోవడం మంచిదా, లేక పాకాల వైపు ఒక రైతు కొట్టంలో పడి ఉన్న ఇంటర్నేషనల్ బి-275 కొని బాగుచేసుకోవడం మంచిదా అనీ అడిగావు. రెండోదే కొను. ఎందుకో చెబుతాను, కొనేటప్పుడూ కొన్న తరువాతా చూసుకోవలసినవీ చెబుతాను. మీ నాన్నకు మాత్రం ధర కుదిరిన తరువాతే చెప్పు. ముందే తెలిస్తే బేరం చెడగొడతాడు.

ముందుగా, ఆ భారీ యంత్రాల ఎత్తూ బరువూ చూసి మురిసిపోవడం కొంతకాలం పక్కన పెట్టి, అవి ఏం లాగాయి, అది లాగడానికి అంత బరువు ఎందుకు కావలసి వచ్చింది అన్న ప్రశ్న వేసుకో. ట్రాక్టరు అంటే లాగే యంత్రం. దాని వెనుక ఉన్న మడకను, ఆ మడక కింద ఉన్న నేలను అర్థం చేసుకోకుండా ఇంజన్‌ను మాత్రమే ప్రేమించేవాడికి ఆ మోజు రెండేళ్ళకు మించి నిలవదు. ఆ రోజుల్లో పేరు పక్కన 30-60 అని రెండు అంకెలు వేసేవారు. మొదటిది డ్రాబార్ దగ్గర, అంటే నేల మీద మడకను లాగే చోట దొరికే హార్స్‌పవర్. రెండోది బెల్టు వేసి నూర్పిడి యంత్రాన్ని తిప్పినప్పుడు దొరికేది. ఇంజన్ పుట్టించిన బలంలో సగం దాకా గేర్లలోనూ, ఇనుప చక్రాలు మట్టిలో దిగబడి జారడంలోనూ, తన సొంత బరువును తాను మోసుకుపోవడంలోనూ కరిగిపోయేదని ఆ రెండు అంకెల మధ్య తేడాయే చెబుతుంది. మన జోడెడ్లు కలిసి ఇచ్చేది సుమారు ఒక హార్స్‌పవర్ అని గుర్తుంచుకుంటే, డ్రాబార్ దగ్గర ముప్ఫై అన్న మాటకు ఎంత విలువ ఉందో నీకే తెలుస్తుంది.

ఆవిరి కాలంలో ఈ బరువు సమస్యను ఇంగ్లండులో జాన్ ఫౌలర్ చాలా తెలివిగా పరిష్కరించాడు. బాయిలరు, నీరు, బొగ్గు కలిసి అంత బరువున్న ఇంజన్‌ను మెత్తని దుక్కిలోకి దింపితే కూరుకుపోతుంది, లేదా నేలను గట్టిగా అణచివేస్తుంది. అందువల్ల ఆయన పద్ధతి స్థిరపడేసరికి చేనుకు రెండు గట్ల మీద రెండు ఇంజన్లను నిలబెట్టి, వాటి పొట్ట కింద ఉన్న డ్రమ్ములకు ఉక్కు తాడు చుట్టి, మడకను ఒకసారి ఇటూ ఒకసారి అటూ లాగించేవారు. మడక కూడా ఉయ్యాల బల్ల మాదిరి రెండు వైపులా కర్రులతో ఉండేది. ఒక వైపు నేలలో దిగితే రెండో వైపు గాలిలో లేచేది, కాబట్టి గట్టు దగ్గర దాన్ని తిప్పే పని లేదు. ఆవిరితో లాభసాటిగా దున్ని చూపినందుకు 1858లో ఇంగ్లండు రాయల్ అగ్రికల్చరల్ సొసైటీ ఆయనకు 500 పౌండ్ల బహుమతి ఇచ్చింది. ఇంజన్ నేల మీదికి రాకుండానే నేలను దున్నడం అన్న ఆలోచన నాకు ఈనాటికీ ఆ తరువాత వచ్చిన చాలా ట్రాక్టర్ల కన్నా గొప్పదిగా తోస్తుంది.

అమెరికా, కెనడాల పచ్చిక మైదానాల్లో పరిస్థితి వేరు. గడ్డి వేళ్ళు చాప అల్లినట్టు పెనవేసుకున్న బంజరును మొదటిసారి తిరగవేయాలి. ఒక చాలు మైలు పొడవునా తిన్నగా పోతుంది, మలుపు తిరిగే అవసరం అరుదు. అటువంటి నేలకే ఆ భారీ యంత్రాలు పుట్టాయి. నీవు మనసు పడ్డ ఆయిల్‌పుల్ 30-60 మోడల్‌కు రెండే సిలిండర్లు, ఒక్కొక్కటి 10 అంగుళాల వ్యాసం, 12 అంగుళాల స్ట్రోక్, అంటే పిస్టన్ కదిలే దూరం. నిమిషానికి 375 చుట్లు మాత్రమే తిరిగేది. బరువు పది టన్నులకు పైమాటే. కిరోసిన్ సరిగా మండాలంటే ఇంజన్ బాగా వేడిగా ఉండాలి, నీరు పోస్తే నూరు డిగ్రీల దగ్గర మరిగిపోతుంది, అందుకని దాన్ని నూనెతో చల్లబరిచారు. నీవు వీడియోలో చూసి పొగగొట్టం అనుకున్న ఆ ముందరి పెట్టె నిజానికి నూనె చల్లారే గోపురం; సైలెన్సర్ పొగ దానిలో పైకి ఎగదన్నుతూ తనతోపాటు గాలిని లాగుతుంది. 1911లో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో మూడు ఆయిల్‌పుల్‌లను కలిపి 50 కర్రుల మడకను లాగించారు. అయితే గొప్పలు చెప్పుకునే కంపెనీలు ఆ కాలంలోనూ తక్కువేమీ కాదు. వారి ప్రకటనలతో విసిగిన నెబ్రాస్కా రాష్ట్రం, ప్రతి మోడల్‌నూ పరీక్షించిన తరువాతే అక్కడ అమ్మాలని 1919లో చట్టం చేసి, 1920లో పరీక్షలు మొదలుపెట్టింది. ఆ నివేదికలు చదవడం అలవాటు చేసుకో. మనకు దగ్గరలో అనంతపురం జిల్లా గార్లదిన్నెలోనూ కేంద్ర ప్రభుత్వపు వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. ఒకసారి వెళ్ళి, ట్రాక్టరు లాగే శక్తిని ఎలా కొలుస్తారో అడిగి తెలుసుకో.

ఇప్పుడు ఆ పది టన్నుల యంత్రాన్ని మన పలమనేరు మట్టిలోనో, చంద్రగిరి చెరువు కింది కయ్యల్లోనో ఊహించుకో. గట్టు నుంచి గట్టుకు నాలుగడుగులు వేసేలోపే మలుపు తిప్పాలి. మలుపు పూర్తయ్యేసరికి పక్కవాడి చెరకు తోటలో ఉంటావు, ఆ తరువాత పంచాయితీలో ఉంటావు. భారీ ట్రాక్టర్లు అమెరికాలో కూడా ఎక్కువ కాలం నిలవకపోవడానికి కారణం ఉంది. 1917లో హెన్రీ ఫోర్డ్ తెచ్చిన ఫోర్డ్‌సన్ చవకగా, తేలికగా ఉండి చిన్న రైతుకు అందింది. ఆ తరువాత హ్యారీ ఫెర్గూసన్ మడకను మూడు చోట్ల హైడ్రాలిక్ చేతులకు తగిలించి, మడక నేలను లాగే ఒత్తిడే వెనుక చక్రాలను నేలకు అదిమేటట్టు చేశాడు. ఇనుము పోగుచేసి సంపాదించిన పట్టును ఆయన అమరికతో సంపాదించాడు. ఈనాడు మన ఊరిలో తిరిగే ప్రతి ట్రాక్టరు వెనుకా ఉన్నది ఆ మూడు చేతుల అమరికే. 1960లలో మహీంద్రా వారు ఇంటర్నేషనల్ హార్వెస్టర్‌తో కలిసి మన దేశంలో తయారుచేయడం మొదలుపెట్టిన బి-275 ఆ దారిలో వచ్చిందే: నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజన్, సుమారు 35 హార్స్‌పవర్. విప్పితే అర్థమవుతుంది, పాడైన భాగాన్ని లేత్ షాపులో చేయించుకోవచ్చు, దాన్ని చేతులతో ఎరిగిన ముసలి మెకానిక్కులు చిత్తూరులోనూ మదనపల్లెలోనూ ఇంకా ఉన్నారు. ఆయిల్‌పుల్‌కు ఒక్క గేరు పన్ను విరిగినా నీవు సముద్రం దాటాలి.

కొనేటప్పుడు రంగు చూడకు. సి-బుక్కు ఉందా, దానిలోని చాసిస్ నంబరూ ఇంజన్ నంబరూ బండి మీద చెక్కిన నంబర్లతో సరిపోతున్నాయా, పాత బ్యాంకు అప్పు తీరినట్టు నమోదయిందా అన్నవి చూడు. కాగితం లేని బండి ఎంత చవకైనా వదిలెయ్. ఆ తరువాత రేడియేటర్ మూత తీసి వేలు పెట్టి చూడు. మన వైపు లోతు బోర్ల నీటిలో సున్నం ఎక్కువ, ఏళ్ళ తరబడి ఆ నీరే పోసి ఉంటే లోపల తెల్లగా పెంకు కట్టి ఉంటుంది. ఇంజన్ బ్లాకు లోపల కూడా అంతే ఉంటుందని లెక్క వేసుకుని ధర తగ్గించు. ఆయిల్ గేజీ కడ్డీ తీసి చూస్తే నూనె మజ్జిగ రంగులో ఉందంటే నీరు కలిసిందని అర్థం. సైలెన్సర్‌లోనూ గాలి గొట్టంలోనూ కందిరీగలు మట్టిగూళ్ళు కట్టి ఉంటాయి, వాటిని తీయకుండా ఎవరినీ స్టార్టు చేయనివ్వకు.

పట్టేసిన ఇంజన్‌ను ఇంకో ట్రాక్టరుకు కట్టి లాగించి విడిపిద్దామని ఆ ఊరి కుర్రాళ్ళు తప్పకుండా ఉత్సాహం చూపిస్తారు. ఒప్పుకోకు. వాల్వు ఒక్కటి గైడులో బిగుసుకుని ఉన్నా పుష్ రాడ్ వంగుతుంది, సిలిండర్‌లో నీరు నిలిచి ఉంటే కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. ఇంజెక్టర్లు విప్పి, ఆ రంధ్రాల గుండా డీజిలూ పలుచని నూనే కలిపి పోసి, కొన్నాళ్ళు నానబెట్టు. రోజూ కొద్దిగా పోస్తూ ఉండు. పై మూత తీసి ప్రతి వాల్వూ స్వేచ్ఛగా కదులుతోందో లేదో సుత్తి పిడితో మెల్లగా తట్టి చూడు. అప్పుడు టాప్ గేరులో వేసి, వెనుక చక్రాన్ని ముందుకూ వెనక్కూ ఊపు. వెంట్రుకవాసి కదిలినా చాలు, మరునాడు ఇంకొంచెం కదులుతుంది. ఇక్కడ తొందరపడినవాడు లేత్ షాపు వాడిని పోషిస్తాడు.

మొదటిసారి స్టార్టు చేసే రోజు ఒక చెక్క పలకను గాలి గొట్టం మూతికి సరిపోయేటట్టు కోసి చేతిలో ఉంచుకో. ఏళ్ళ తరబడి నిలిచిపోయిన ఇంజెక్షన్ పంపులో ర్యాక్, అంటే ఎంత డీజిల్ పోవాలో నిర్ణయించే కడ్డీ, నిండు డీజిల్ దగ్గర పట్టేసి ఉంటే, ఇంజన్ అందుకున్న క్షణం నుంచి వేగం పెరుగుతూనే పోతుంది, ఆపే తీగ లాగినా ఆగదు. గాలి మూసివేయడం ఒక్కటే దారి. గుడ్డ పెడితే లోపలికి లాక్కుపోతుంది, పలకే కావాలి. బావి మీది ఆయిల్ ఇంజన్‌కు హ్యాండిల్ వేసి తిప్పే అవకాశం వస్తే, బొటనవేలిని మిగతా నాలుగు వేళ్ళ వైపే ఉంచి పట్టుకో. ఎదురు తన్నితే చేయి జారిపోతుంది కానీ మణికట్టు విరగదు. జర్మనీలో 1921 నుంచి వచ్చిన లాంజ్ బుల్‌డాగ్‌కు స్టీరింగ్ చక్రాన్నే ఊడదీసి ఫ్లైవీలులో దూర్చి తిప్పేవారు, అంతకు ముందు సిలిండర్ తలను బ్లో ల్యాంపుతో కాల్చేవారు. ఇది సరదాగా చెబుతున్నాను, ప్రయోగం చేయమని కాదు.

ఆవిరి ఇంజన్ జోలికి మాత్రం సొంతంగా పోవద్దు. 2001 జులైలో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం మెడీనాలో సంత జరిగే మైదానంలో కేస్ కంపెనీ వారి ఒక పాత ఆవిరి ట్రాక్టరు బాయిలరు పేలి అయిదుగురు చనిపోయారు. తుప్పుతో పలుచబడిన రేకు, లోపల తగ్గిన నీరు అందుకు చాలాయి. బయటికి నిగనిగలాడే బాయిలరు లోపల ఎలా ఉందో కంటితో చెప్పగలిగేవాడు లేడు. తనిఖీ చేయించి సర్టిఫికెట్ తీసుకోకుండా నిప్పు పెట్టడం చట్టరీత్యా కూడా నేరం.

ఇక దున్నడం. బండి కదిలిన వారం నుంచే ఊరేగింపులకు తిప్పకుండా, దానికి రెండు కర్రుల రెక్క మడక తగిలించి చేనులోకి దింపు. రోటవేటరు వద్దు, దానిలో నేర్చుకునేది ఏమీ లేదు. ఒక వాన పడి నేల పదునుకు వచ్చాక, గుప్పెడు మట్టి పిసికి చూడు. ముద్ద కట్టి, వేలితో నొక్కితే విరిగిపోవాలి. జిగురుగా అంటుకుంటే ఆగు, లేకపోతే బెడ్డలు లేస్తాయి. మన ఎర్రనేలల్లో మేలిమి మట్టి పొర పలుచన, లోతుగా తిరగవేస్తే కింద ఉన్న గరుసు పైకి వచ్చి వేరుశనగ దెబ్బతింటుంది. మొదటి చాలు తిన్నగా వేసుకున్న తరువాత కుడి చక్రాలు ఆ చాలులోనే నడుస్తాయి, బండి కుడికి వాలుతుంది. అందుకు తగినట్టు మడకను పట్టుకున్న కుడి హైడ్రాలిక్ చేతి మీది హ్యాండిల్ తిప్పి మడకను మట్టం చేయాలి. ఆ మూడు చేతుల్లో పైదాన్ని, అంటే పై లింకును, పొట్టిగా చేస్తే కర్రు మొన కిందికి వంగి నేలలోకి పారుతుంది, పొడుగు చేస్తే తేలిపోతుంది. ఒక్క చుట్టు తిప్పి పది గజాలు దున్ని దిగి చూడు, ఇంకో చుట్టు తిప్పి మళ్ళీ చూడు. రెండు కర్రుల మట్టీ ఒకే ఎత్తున బోర్లాపడి, మధ్యలో గరిక కనబడకుండా పోయినప్పుడు అమరిక కుదిరినట్టు. ఏదైనా గొలుసు కట్టి లాగవలసి వస్తే డ్రాబార్‌కే కట్టు. ఇరుసుకో, అంతకన్నా పైనో కడితే ముందు చక్రాలు లేచి బండి నీ మీద బోర్లాపడుతుంది. తేలికపాటి ఫోర్డ్‌సన్‌లు అలా వెనక్కు తిరగబడి ఎందరినో పొట్టన పెట్టుకున్నాయి.

రంగు ఆఖరున వేయించు, అదీ నీకు డబ్బు మిగిలితే. పాత రంగు కింద ఎక్కడైనా కంపెనీ అక్షరాలు నిలిచి ఉంటే గీకించకు, వాటి మీద పలుచగా నూనె రాయించి వదిలెయ్.

ఈ ఆదివారం పాకాల వెళ్ళేటప్పుడు టార్చిలైటు, పాత గుడ్డ, సుత్తి, చెక్క పిడి తీసుకువెళ్ళు. కొట్టంలోకి పోయే ముందు పాములు ఉన్నాయేమో చూసుకో. చాసిస్ నంబరూ, ఇంజెక్షన్ పంపు మీద ఉన్న రేకు నంబరూ వ్రాసి పంపితే, ఆ పంపుకు విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయో నేను చిత్తూరులో విచారించి పెడతాను. అంతవరకు బయానా ఇవ్వవద్దు.

ఇట్లు,
మీ పెదనాన్న