పైపు పగిలిందా, చెమ్మ పట్టిందా? మీ క్లెయిము తేలేది అక్కడే

ప్రశ్న: మాది కూకట్‌పల్లిలో మూడో అంతస్తు ఫ్లాటు. 2024 మే 14న బంధువుల పెళ్ళికి ఏలూరు వెళ్ళాం. ఆ రాత్రి పై ఫ్లాటు బాత్‌రూమ్‌లో గీజరు పైపు పగిలి తెల్లవార్లూ నీళ్ళు మా ఇంట్లోకి దిగాయి. ఫాల్స్ సీలింగ్ ఊడిపడింది. రెండు వార్డ్‌రోబులు ఉబ్బిపోయాయి. టీవీ, ఇన్వర్టరు పోయాయి. చనిపోయిన మా అమ్మ పట్టుచీరలు, మా పెళ్ళి ఆల్బమ్ పనికిరాకుండా పోయాయి. పైగా అపార్ట్‌మెంటు ట్యాంకు ఖాళీ అయిందని మర్నాడు తెప్పించిన టాంకర్ డబ్బుల్లో మా వాటా కూడా వసూలు చేశారు! గృహరుణం ఇచ్చిన బ్యాంకు తీయించిన బీమా ఉంది. 4 లక్షల 60 వేలకు క్లెయిము పెట్టాను. పై స్లాబు నాలుగు నెలలుగా చెమ్మగా ఉందని ఫారంలో నిజాయితీగా రాశాను. దాన్నే పట్టుకుని ‘ఇది క్రమంగా జరిగిన లీకేజీ, పాలసీ పరిధిలోకి రాదు’ అని ఆగస్టు 5న తిరస్కరించారు. పైఅధికారికి రాస్తే అక్టోబరులో అదే జవాబు. అప్పటినుంచి నెలనెలా మెయిల్స్ పెడుతూనే ఉన్నాను. చెమ్మ సంగతి లేకుండా పాత తేదీ వేసి సర్టిఫికెట్ ఇస్తానని ప్లంబరు అంటున్నాడు. పై ఫ్లాటు ఆయన 40 వేలు ఇస్తాను, ఇక ఏ సంబంధమూ లేదని సంతకం పెట్టమంటున్నాడు. నిజం చెప్పినందుకు నాకిదా శిక్ష?

జవాబు: మీరు పంపిన నాలుగు పేజీల్లో పట్టుచీరలకు పేజీన్నర, పగిలిన పైపుకు ఒక్క వాక్యం కేటాయించారు. మీ కేసు నిలిచేదీ పడేదీ ఆ ఒక్క వాక్యం మీదే.

మీ దగ్గరున్నది భారత్ గృహ రక్ష పాలసీ. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఆదేశంతో 2021 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలన్నీ ఒకే నమూనాలో అమ్ముతున్న పాలసీ ఇది. ఇంటికి ఏం జరిగినా డబ్బిచ్చే రకం కాదు. ఇందులో ప్రమాదాల జాబితా ఉంటుంది. నష్టం ఆ జాబితాలో ఉన్న కారణంతోనే జరిగిందని మొదట చూపించాల్సింది మీరు. నీటి ట్యాంకులు, పరికరాలు, పైపులు పగలడం లేదా పొంగడం అందులో ఉంది. నెలల తరబడి స్లాబులోంచి ఊరే చెమ్మ లేదు. పగిలింది మీ పైపే అయి ఉండాలన్న షరతు ఆ నమూనాలో లేదు కాబట్టి, పై ఫ్లాటు పైపు అన్న కారణంతో మిమ్మల్ని తోసిపుచ్చలేరు. వాళ్ళు ఆ మాట అననూ లేదు. తిరస్కరణ లేఖలో లేని కొత్త కారణాన్ని కేసు వేశాక తెస్తే ఒప్పుకోనక్కర్లేదని గలాడా పవర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ లేఖను జాగ్రత్తగా దాచండి. కంపెనీ నోటికి కట్టిన తాడు అది.

ఇక మీ తప్పు. నిజం రాయడం తప్పు కాదు. రెండు వేర్వేరు నిజాలను ఒకే గడిలో కుక్కడం తప్పు. ‘నష్టానికి కారణం’ అన్న చోట మీరు రాసింది చదివాను: ‘పై స్లాబు నాలుగు నెలలుగా చెమ్మగా ఉంది, పైఫ్లాటు పైపు వల్ల ఇల్లంతా తడిసింది’. నష్టం అంచనా వేయడానికి కంపెనీ పంపిన సర్వేయరు ఇది చదివి ఇంకేం రాస్తాడు? దానికి తోడు బిల్లుల జాబితాలో బాత్‌రూమ్ వాటర్‌ప్రూఫింగుకు 38 వేలు కలిపారు. అది పాత చెమ్మకు చేయించిన మరమ్మతు. కంపెనీ వాదనకు సాక్ష్యం మీరే బిల్లుతో సహా అందించారు. ఆ 38 వేలు ఇప్పుడే తీసేయండి. తీసేశామని ఫిర్యాదులో కూడా రాయండి.

మీ ఫోటోల్లో చెమ్మ మరక కామన్ బాత్‌రూమ్ పైకప్పు మూలన ఉంది. వార్డ్‌రోబులు, టీవీ, ఊడిపడిన సీలింగు మాస్టర్ బెడ్‌రూమ్‌లోనూ హాల్లోనూ ఉన్నాయి. ఫ్లాటు ప్లాను మీద చెమ్మ ఎక్కడుందో, మే 14 రాత్రి నీళ్ళు ఎక్కడెక్కడ దిగాయో ఒక సివిల్ ఇంజినీరు చేత గుర్తు పెట్టించి రిపోర్టు తీసుకోండి. ఆ ఒక్క కాగితం మీ నాలుగు పేజీల ఉత్తరం కన్నా విలువైనది.

అంతకన్నా విలువైనది, మీరు కోపంతో రాసిన టాంకర్ సంగతి. చెమ్మతో అపార్ట్‌మెంటు ట్యాంకు రాత్రికి రాత్రి ఖాళీ కాదు. పైపు పగిలితేనే అవుతుంది. మే 15 తేదీతో ఉన్న టాంకర్ బిల్లు, అసోసియేషన్ మీ దగ్గర వాటా వసూలు చేసిన రశీదు సంపాదించండి. గ్రూపులో ఆ తెల్లవారుజామున వచ్చిన వాట్సాప్ మెసేజీలు, వాచ్‌మన్ మీకు చేసిన కాల్ వివరాలు, పై ఫ్లాటు ఆయన కొత్త పైపు కొన్న హార్డ్‌వేర్ షాపు బిల్లు కూడా. అసలు పగిలిన పైపు ముక్కే మీ చేతిలో ఉండాల్సింది. దాన్ని పాత ఇనప సామాన్ల వాడికి ఇచ్చేశామని తేలిగ్గా రాశారు. వార్డ్‌రోబులూ సర్వేయరు మళ్ళీ వస్తానన్నాక పారేశారట! నీళ్ళు తోడేయడం, తడిసినవి ఆరబెట్టడం మీ బాధ్యతే, దానికి ఎవరూ తప్పు పట్టరు. పాడైన వస్తువును కంపెనీ రాతపూర్వకంగా సరేననేదాకా గడప దాటించకూడదు.

ఫోటోలూ మెసేజీలూ ఉన్న అసలు ఫోన్ అమ్మకండి, ఫార్మాట్ చేయకండి. ప్రింట్లతో పాటు భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద, ఇవి ఆ ఫోన్లోంచి తీసినవేనని చెప్పే సర్టిఫికెట్ జత చేయండి. వినియోగదారుల కమిషన్లు సాక్ష్య చట్టాన్ని అక్షరం అక్షరం పట్టుకోకపోయినా, అవతలి వకీలు మొదట అడిగేది అదే.

సర్వే రిపోర్టు కాపీ ఇంతవరకు అడగనే లేదు మీరు. ఇవాళే మెయిల్లో అడగండి. సర్వేయరు రాసిందే తుది మాట కాదని 2009లో న్యూ ఇండియా అష్యూరెన్స్, ప్రదీప్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. అయితే దాన్ని కాదనడానికి గట్టి ఆధారం మీరు చూపాలి. అందుకే పైన అన్ని కాగితాలు చెప్పాను.

ప్లంబరు సర్టిఫికెట్ మాట మళ్ళీ ఎత్తకండి. తప్పుడు పత్రంతో క్లెయిము బలపరిస్తే పాలసీ కింద హక్కు మొత్తం పోతుంది, నిజమైన నష్టం కూడా దాంతోనే కొట్టుకుపోతుంది. భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద మోసం కేసు, కమిషన్ ముందు దొంగ సాక్ష్యం సృష్టించిన కేసు వేరే. ఇప్పటికే మీ సంతకంతో చెమ్మ సంగతి వాళ్ళ ఫైల్లో ఉంది. దానికి విరుద్ధంగా పాత తేదీ కాగితం ఒకటి పుట్టుకొస్తే నవ్వుతారు. అదే ప్లంబరు చేత ఇవాళ్టి తేదీతోనే అఫిడవిట్ ఇప్పించండి: 2024 మే 15 ఉదయం తాను వెళ్ళేసరికి ఏ పైపు ఎలా పగిలి ఉంది, ఏం మార్చాడు, ఎంత తీసుకున్నాడు. యూపీఐలో డబ్బు అందుకుని ఉంటే ఆ ఎంట్రీ జత చేయండి. అతను నిజం చెబితే చాలు, మీ పని అయిపోతుంది.

పై ఫ్లాటు ఆయన 40 వేలకు కూడా తొందరపడకండి. కంపెనీ మీకు డబ్బిచ్చాక ఆయన నుంచి రాబట్టుకునే హక్కు కంపెనీది. ‘ఏ సంబంధమూ లేదు’ అని మీరు సంతకం పెడితే వాళ్ళ హక్కు తెగ్గోసినట్టు, దాన్నే మీ క్లెయిముకు అడ్డం పెడతారు. ఆయనకు నష్టపరిహారం కోరుతూ నోటీసు పంపి ఊరుకోండి. ఆయన మీద సివిల్ దావాకు మూడేళ్ళ గడువు ఉంది.

ఇప్పుడు మీ మెయిల్స్ సంగతి. నెలనెలా రాస్తున్నారు కాబట్టి గడువు సాగుతోందనుకుంటున్నారు. సాగదు. బీమా ఫిర్యాదులు తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్ళి ఉంటే ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. రెండు తెలుగు రాష్ట్రాలకూ ఆఫీసు హైదరాబాదులోనే ఉంది. కానీ తుది జవాబు అందిన ఏడాదిలోపు వెళ్ళాలి. మీకు జవాబు వచ్చింది 2024 అక్టోబరులో. ఆ తలుపు మూసుకుపోయింది. మెయిల్స్ టైపు చేసినంతసేపు ఆ ఫారం నింపి ఉంటే సరిపోయేది.

మిగిలింది వినియోగదారుల రక్షణ చట్టం, 2019. 69వ సెక్షన్ కింద ఫిర్యాదుకు గడువు రెండేళ్ళు. ఎప్పటినుంచి? తిరస్కరణ లేఖ నుంచి అని వాదించవచ్చు, అప్పుడు 2026 ఆగస్టు దాకా ఉంటుంది. ఆ ధీమాతో కూర్చోకండి. కందిమళ్ళ రాఘవయ్య అండ్ కంపెనీ కేసు గుర్తుంచుకోండి. 1988లో పొగాకు నిల్వలు కాలిపోతే 1997లో ఫిర్యాదు వేశారు. ప్రమాదం జరిగిన రోజు నుంచే గడువు లెక్క అని 2009లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉన్నా, మెయిల్స్ పెడుతూ ఉన్నామన్నది తగిన కారణం కాదు. కాబట్టి ప్రమాదం తేదీ నుంచే లెక్కేసి 2026 మే 13 లోపు ఫిర్యాదు దాఖలు అయిపోవాలి.

దాఖలు చేసే ముందు పాలసీ షెడ్యూల్, అంటే దేనికి ఎంత బీమా ఉందో రాసిన పేజీ, ఒక్కసారి తెరిచి చూడండి. ఇన్నేళ్ళుగా ప్రీమియం కడుతున్నానన్నారు గానీ అది చదివినట్టు లేదు. బ్యాంకులు రుణంతో తీయించే పాలసీల్లో చాలావాటికి కట్టడానికి మాత్రమే రక్షణ ఉంటుంది. ఇంట్లో సామాన్లకు కూడా ఉంటే, విడిగా ఎక్కువ తీసుకోకపోయినా కట్టడం బీమా మొత్తంలో 20 శాతం దాకా, గరిష్ఠంగా 10 లక్షలు వర్తిస్తుంది. కట్టడానికే అయితే టీవీ, చీరలు వదిలేసి సీలింగు, గోడలు, గోడకు బిగించిన వార్డ్‌రోబుల వరకే అడగండి. టీవీ, ఇన్వర్టరు షార్ట్ సర్క్యూట్‌తో పోయాయని రాస్తే మినహాయింపులో పడతాయి. లోపలికి నీళ్ళు చేరి పాడయ్యాయా లేదా అన్నది సర్వీసు సెంటరు రిపోర్టులో ఉండాలి.

ఫిర్యాదు మీరు ఉంటున్న జిల్లా వినియోగదారుల కమిషన్లోనే వేయవచ్చు, ఆన్‌లైన్లో ఈ-జాగృతి పోర్టల్లో కూడా. ఏ స్థాయి కమిషన్‌కు వెళ్ళాలన్నది చూసేది కట్టిన ప్రీమియాన్ని బట్టి, అది 5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు. పాలసీలో బ్యాంకు పేరు ఉంది గనుక బ్యాంకును కూడా ప్రతివాదిగా చేర్చండి. లేకపోతే డబ్బు ఎవరి చేతికన్న దగ్గర కేసు ఆగుతుంది. క్లెయిము మొత్తం, తిరస్కరణ తేదీ నుంచి వడ్డీ, ఖర్చులు, మానసిక వేదనకు పరిహారం అడగండి. అమ్మగారి చీరలకు చోటు ఆ చివరి పద్దులోనే, రెండు వాక్యాలు చాలు. తొలి పేజీ మాత్రం మే 14 రాత్రి పగిలిన పైపుతో, టాంకర్ బిల్లుతో మొదలవ్వాలి.